మూడు నిమిషాల ముచ్చట... ఏడాది తంటా!

నారు తీసి నాటాలి. గింజలు ఏరాలి. తాలు వదిలేసి గట్టి గింజల్నే గాదెలకు చేర్చాలి. ఇదంతా మూడే మూడు నిమిషాల్లో అయిపోవాలి! చెయ్యాల్సింది రైతు కాదు... రెండు రోబోలు. వాటిని తయారుచేసింది ఏ పెద్ద కంపెనీ ఇంజినీర్లో కాదు... ఇంకా డిగ్రీ చేతికి రాని కుర్రకారు. ‘రోబోకాన్’ అంటే అదే మరి!

2024 ఆగస్టులో వియత్నాంలోని క్వాంగ్‌నిన్ రాష్ట్రంలో జరిగిన పోటీ అది. ‘కోతల రోజు’ అని దానికి పేరు. మైదానం మధ్యలో వరిమడి లేదు, బురద లేదు. నారు స్థానంలో ప్లాస్టిక్ గొట్టాలు, వడ్ల స్థానంలో బంతులు. ఎర్రజట్టు వడ్లు ఎర్రగా, నీలంజట్టు వడ్లు నీలంగా ఉంటాయి. మధ్యలో ఊదారంగు బంతులూ కలిసిపోయి ఉంటాయి. అవి తాలు! మొదటి రోబోని మనిషి దూరంగా నిలబడి నడపొచ్చు. రెండోదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. తన రంగు బంతేదో తనే చూసుకోవాలి, తనే పట్టుకోవాలి, గాదెలో తనే వెయ్యాలి. మొత్తం అయిదు గాదెలు. ఒక్కోదాంట్లో మూడే బంతులు పడతాయి. అందులో రెండు తమవై, పైనున్నదీ తమదే అయితే ఆ గాదె ఆ జట్టుది. అలా మూడు గాదెలు సొంతం చేసుకుంటే ఇక గడియారంతో పనిలేదు. ‘ముఆ వాంగ్’ అని ప్రకటించేస్తారు. అంటే బంగారు పంట. ఆట అక్కడితో సమాప్తం.

అవతలి జట్టు ఏడాది కష్టం కూడా!

బ్యాటరీల బండితో మొదలు

ఈ ఆటకు మూలాలు జపాన్‌లో ఉన్నాయి. అక్కడి ప్రజా ప్రసారసంస్థ ఎన్‌హెచ్‌కే 1988లో సాంకేతిక కళాశాలల పిల్లలకు ఒక పోటీ పెట్టింది. మామూలు బ్యాటరీలతో నడిచే బండి తయారుచేసి పరుగుపందెంలో నడపాలి. అంతే! అంత చిన్న పోటీకి టీవీలో వచ్చిన ఆదరణ చూసి ఏటా కొత్త సమస్య ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆసియా-పసిఫిక్ ప్రసారసంస్థల సమాఖ్య ఏబీయూ దాన్ని దేశాల మధ్య పోటీగా మార్చింది. 2002లో టోక్యోలో మొదటి ‘ఏబీయూ రోబోకాన్’ జరిగింది. ఇది టీవీ సంస్థల పండగ కాబట్టే మనదేశంలో ఆ బాధ్యత దూరదర్శన్ తీసుకుంది. దేశమంతటి కాలేజీలకూ ఇక్కడ పోటీపెట్టి, గెలిచిన జట్టును విదేశానికి పంపుతుంది. ఒక్కో దేశం నుంచి ఒకే జట్టు. ఆతిథ్యమిచ్చే దేశానికి మాత్రం రెండు. జాతీయస్థాయి పోటీ చాలాకాలం పుణెలో జరిగింది. తర్వాత ఢిల్లీకి మారింది. పుణెలో జరిగే రోజుల్లో కొన్నేళ్లు వందకు పైగా జట్లు ఇనపపెట్టెలు మోసుకుంటూ అక్కడికి చేరేవి. వాటిలో విమానం ఎక్కేది ఒక్కటే.

ఎవరి ఆట వాళ్లదే!

రోబోకాన్‌లో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతేంటంటే... ఏటా ఆట మారిపోతుంది. పోయినేడు గెలిచిన రోబో ఈ ఏడు ఎందుకూ పనికిరాదు. ఆట ఏమిటో నిర్ణయించేది ఆతిథ్యదేశం. ఆ దేశం తన ఇంట్లోంచి, తన పండగల్లోంచి, తన పిల్లల ఆటల్లోంచి ఏదో ఒకటి తెచ్చి ఇంజినీరింగ్ సమస్యగా మార్చేస్తుంది. టోక్యో వాళ్లు మొదటిసారి ఫ్యూజీ పర్వతం ఎక్కమన్నారు. సియోల్ వాళ్లు 2004లో విడిపోయిన ప్రేమికుల్ని కలపమన్నారు. కైరోలో 2010లో పిరమిడ్లు కట్టించారు. ఇండొనేషియాకు బ్యాడ్మింటన్ అంటే ప్రాణం కదా... 2015లో యోగ్యకర్తాలో రోబోలతో ఏకంగా డబుల్స్ ఆడించేశారు! 2025లో మంగోలియా వాళ్ల వంతు వస్తే బాస్కెట్‌బాల్ ఆడించారు.

మనదేశానికి ఈ పోటీ మొదటిసారి వచ్చింది 2008లో. వేదిక పుణె. మహారాష్ట్రలో జరుగుతోంది కాబట్టి ఏ ఆట ఎంచుకుని ఉంటారో ఊహించొచ్చు. ఉట్టి కొట్టడమే! కృష్ణాష్టమికి మన వీధుల్లో కుర్రాళ్లు ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కినట్టే రోబోలు పైకి లేచి కుండల్లో వెన్నముద్దలు అందుకోవాలి. 2014లో మళ్లీ పుణెలోనే జరిగినప్పుడు అమ్మానాన్నల్ని తలచుకున్నారు. ఒకటి పెద్ద రోబో, ఒకటి పిల్ల రోబో. పెద్దది పిల్లదాన్ని ఎత్తుకెళ్లి ఉయ్యాల ఊపాలి, సీసా ఆడించాలి, స్తంభాలమీద నడిపించాలి. చివరికి పిల్లరోబో అన్నీ పూర్తిచేస్తే ‘శభాష్’ అని ప్రకటించాలి. నిబంధనల పుస్తకంలోనే ఉందా మాట! ఆ ఏడాది శభాష్‌ల సంగతెలా ఉన్నా, కప్పు మాత్రం వియత్నాంలోని లాక్‌హాంగ్ విశ్వవిద్యాలయం పట్టుకుపోయింది.

మూడోసారి 2022 ఆగస్టులో న్యూఢిల్లీలో. ఆట పేరు ‘లగోరి’. పేరు వినగానే ఇదేదో కొత్తది అనుకోకండి. మన ఏడుపెంకులాటే! కాకపోతే పెంకులు ఏడు కాదు, అయిదు. పెద్దదాని మీద చిన్నది చొప్పున పేర్చిన గుండ్రటి దిమ్మెలు. ఒక జట్టు రోబో బంతి విసిరి ఆ దొంతర కూల్చాలి. దాని జోడీ రోబో పరుగున వెళ్లి మళ్లీ పేర్చాలి. అవతలి జట్టు రోబో ఊరుకుంటుందా... బంతులతో కొడుతుంది. వీధిలో అయితే వీపు చిట్లినా సర్దుకుంటాం. రోబోకి సర్క్యూట్ చిట్లితే ఎలా? అందుకని పేర్చే రోబో తలమీద ఒక బంతి పెట్టారు. కొట్టాల్సింది ఆ బంతిని. నియమం చదివితే నవ్వొస్తుంది కానీ, అటూఇటూ కదిలే తలమీది బంతిని కదులుతున్న యంత్రం నుంచి గురిచూసి కొట్టడం నవ్వులాట కాదు.

కూల్‌డ్రింక్ సీసాలో గాలి

ఇంతకీ ఏడాదంతా ఏం చేస్తారు?

నిబంధనల పుస్తకం వచ్చిన రోజున మొదలవుతుంది కథ. మొదటి పదిరోజులూ చదవడమే. ‘తాకకూడదు’ అంటే గాల్లో కూడా దాటకూడదా? రోబో చెయ్యి చాపితే ఎంత పొడవు ఉండొచ్చు? ప్రతి వాక్యానికీ వాదనలే. తేలకపోతే నిర్వాహకులకు ప్రశ్నలు పంపుతారు. ఆ జవాబులు కూడా నిబంధనల కిందే లెక్క. కొన్నిసార్లు ఒక్క జవాబుతో నెలరోజుల డిజైన్ బుట్టదాఖలైపోతుంది.

కొలతల దగ్గర రాజీ ఉండదు. ఏటా అంకెలు కాస్త అటూఇటూ మారినా, ఎక్కువ పోటీల్లో రోబోలూ బ్యాటరీలూ వైర్లూ కంట్రోలరూ అన్నీ కలిపి 50 కిలోలు మించకూడదు. కరెంటు 24 వోల్టులు దాటకూడదు. గాలి పీడనం 6 బార్లకు లోబడాలి. గాలి ఎందుకంటే... గబుక్కున విసరాలన్నా, పైకి లేపాలన్నా మోటారు కన్నా గాలితో తోసే పిస్టన్ వేగంగా పనిచేస్తుంది. ఆ గాలి నింపుకోవడానికి బరువైన ఇనప సిలిండర్ ఎందుకు? చాలా జట్లు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలే కట్టేస్తాయి. నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి, సీసాకు సొట్టలు, గాట్లు లేకపోతే చాలు. లక్షణమైన యంత్రానికి నడుంచుట్టూ సోడాసీసాలు వేలాడుతుంటే చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది మరి.

జట్టులో మైదానంలోకి దిగేది ముగ్గురే. వెనక ఉండేది మాత్రం ఇరవై, ముప్ఫైమంది. మెకానికల్ వాళ్లు అల్యూమినియం గొట్టాలు కోసి, లేత్ మిషన్ దగ్గర కూర్చుంటారు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు సర్క్యూట్లు అతుకుతారు. కంప్యూటర్స్ వాళ్లు ప్రోగ్రామ్ రాస్తారు. రోబో కదలకపోతే తప్పు ఎప్పుడూ పక్క బ్రాంచివాళ్లదే! ‘నీ గేరు బిగుసుకుంది’ అని ఒకరు, ‘నీ కోడ్ తగలడిపోయింది’ అని మరొకరు. తీరాచూస్తే బ్యాటరీ తీగ ఊడి ఉంటుంది.

ఖర్చుకు కాలేజీ ఇచ్చేది కొంత, బతిమాలి తెచ్చుకున్న స్పాన్సర్‌షిప్ కొంత. మిగతాది జేబుల్లోంచే. ‘సెమిస్టర్ పరీక్షలు పెట్టుకుని ఆ ఇనపసామానుతో ఏం పనిరా?’ అని ఇంట్లో అడుగుతారు. అడగడంలో తప్పులేదు. హాజరు తగ్గుతుంది, ఇంటర్నల్ మార్కులు పోతాయి, ఒకోసారి ప్రాంగణ నియామకాల రోజూ ట్రయల్ రన్ రోజూ ఒకటే అవుతాయి. పైగా పోస్టుగ్రాడ్యుయేట్లకు ఈ పోటీలో చోటులేదు. ఆఖరి సంవత్సరం విద్యార్థికి అదే ఆఖరి అవకాశం.

ఆ మాట ఎంత నిజమో 2020లో తెలిసింది. ఆ ఏడాది ఫిజీ వంతు. రాజధాని సువాలో రోబోలతో రగ్బీ ఆడించాలనుకున్నారు. ఒక రోబో బంతి పాస్ చెయ్యాలి, రెండోది తీసుకుని పరుగెత్తాలి. కుర్రాళ్లు సిద్ధమవుతుండగానే కొవిడ్ వచ్చింది. హాస్టళ్లు ఖాళీ చేయించారు. సువాలో పోటీ జరగనేలేదు. సగం బిగించిన రోబోలు తాళంవేసిన ల్యాబుల్లో ఉండిపోయాయి. ఆ ఏడు ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లకు ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఒక్క నిమిషం... తర్వాత మూడు

పోటీ రోజు. రోబోని మైదానంలోకి తెచ్చాక సర్దుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తారు. ముగ్గురూ మోకాళ్లమీద కూర్చుని గాలి చూస్తారు, బ్యాటరీ చూస్తారు, చక్రాల దిశ చూస్తారు. అసలు భయం వేరే ఉంటుంది... వెలుతురు! మైదానంలో గీసిన తెల్లటి గీతల్ని సెన్సర్లతో చూసుకుంటూ రోబోలు దారి పట్టుకోవడం పాత పద్ధతి. కొత్తవాటికి కెమెరాలు పెడుతున్నారు. ఏదైనా సరే, కాలేజీ షెడ్డులో ట్యూబులైటు కింద నేర్పిన విద్య అది. స్టేడియంలో టీవీ దీపాలు ఒక్కసారిగా వెలిగేసరికి తెలుపేదో, మెరుపేదో తేడా తెలియదు. ఇంటిదగ్గర వందసార్లు సరిగ్గా నడిచిన రోబో నూటొకటోసారి కెమెరాల ముందు గోడకేసి వెళ్లిపోతుంది. అందుకే తెలివైన జట్లు ముందురోజు ప్రాక్టీసులో పరుగులు తీయించవు. దీపాల కింద సెన్సర్ అంకెలు రాసుకుంటాయి.

విజిల్ పడుతుంది.

ఇక్కడి నుంచి చేతికి చిక్కేది ఏమీ ఉండదు. స్వయంగా నడిచే రోబో దారి తప్పితే జట్టు చెయ్యగలిగింది ఒకటే... ‘రీట్రై’ అడగడం. రిఫరీ ఒప్పుకుంటే రోబోని ఎత్తుకొచ్చి మొదటి గడిలో పెట్టి మళ్లీ నడపొచ్చు. గడియారం మాత్రం ఆగదు. అడగాలా, మరో రెండు సెకన్లు ఆగి చూడాలా? ఆ రెండు సెకన్లలో అది సర్దుకుంటే గెలుపు. సర్దుకోకపోతే పది సెకన్లు దండగ. పందొమ్మిదేళ్ల కుర్రాడు వేలమంది ముందు తీసుకోవాల్సిన నిర్ణయం ఇది.

మంగోలియాలో 2019లో జరిగిన పోటీ ఇందుకు మంచి ఉదాహరణ. చెంగిజ్‌ఖాన్ కాలంలో వార్తలు మోసిన గుర్రపు అంచె వ్యవస్థ దాని ఇతివృత్తం. రెండో రోబోకి చక్రాలు ఉండకూడదని షరతు. నాలుగు కాళ్లతోనే నడవాలి! ఇసుకదిబ్బ లాంటి మెట్టు దాటాలి, అడ్డంగా కట్టిన తాళ్లు దాటాలి, చివరికి కొండ ఎక్కి చేతిలోని అధికారముద్రను పైకెత్తాలి. చక్రం బండిని ఎంతసేపైనా నిలబెడుతుంది. కాలు అలా కాదు. ఒక కాలు లేపినప్పుడల్లా బరువంతా మిగతా వాటిమీదికి జరగాలి. వేగం పెంచితే బోర్లా పడుతుంది, తగ్గిస్తే మూడు నిమిషాలు అయిపోతాయి. ఆ ఏడాది హాంకాంగ్ గెలిచింది.

మరి మనం? ఉట్టీ మనదే, ఏడుపెంకులూ మనవే. 2002 నుంచి 2019 వరకూ చూస్తే మాత్రం పెద్ద కప్పు ఒక్కసారీ మనదేశానికి రాలేదు. వియత్నాం మొదటి అయిదేళ్లలోనే మూడుసార్లు గెలిచింది. మూడుసార్లూ హోచిమిన్ నగర సాంకేతిక విశ్వవిద్యాలయమే! తర్వాత లాక్‌హాంగ్ 2014, 2017, 2018లో కప్పు కొట్టింది. అదేమీ పేరుమోసిన పెద్ద విద్యాసంస్థ కాదు. దొంగ్‌నాయ్ రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం. మన దగ్గర తెలివికి కొదవుందని అనలేం. ఏటేటా కొత్త బ్యాచ్ వచ్చి చక్రం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టడం, సీనియర్లు వెళ్తూవెళ్తూ తమకు తెలిసింది రాసిపెట్టకపోవడం... తేడా అక్కడ వస్తుందేమో.

చివరి విజిల్ తర్వాత గెలిచినవాళ్లు ఎగురుతారు. ఓడినవాళ్లు రోబోని నిశ్శబ్దంగా ట్రాలీమీదికి ఎక్కిస్తారు. తిరుగు ప్రయాణం రైల్లోనే. షెడ్డుకు చేరిన రెండోరోజునే స్పానర్లు బయటికొస్తాయి. ఖరీదైన మోటార్లు వచ్చే ఏటికి కావాలి కదా! ఒక్కోదాన్నీ విప్పి, తుడిచి, ఏది బాగా తిరుగుతుందో ఏది వేడెక్కుతుందో కాగితంమీద రాసి అతికించి, అట్టపెట్టెలో పెడతారు. ఆ పెట్టె తాళంచెవి రెండో సంవత్సరం వాళ్ల చేతికి వెళ్తుంది.