అప్పు చేసి కెమెరా కొంటున్నారా?
డబ్బంతా బాడీకే పెడితే లెన్సుకు మిగలదు

ఎంకపల్లి (మొయినాబాద్): ఇంట్లో పెళ్లి కుదిరిందంటే పురోహితుడితో, వంటవాళ్లతో పాటు ఫొటోగ్రాఫర్‌ను కూడా ముందే మాట్లాడుకునే రోజులివి. మొయినాబాద్, చిలుకూరు, చేవెళ్ల దారుల్లో ఫంక్షన్ హాళ్లు, ఫాంహౌసులు వెలిశాక చుట్టుపక్కల పల్లెల యువకుల దృష్టి ఈ పని మీదికి మళ్లడం సహజమే. ఒక కెమెరా ఉంటే చాలు, సొంత ఊళ్లోనే బతకవచ్చు అనిపిస్తుంది. చిక్కల్లా ఆ కెమెరా కొనే దగ్గరే వస్తుంది.

నలభై వేల రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు 800, ఏడాదికి 9,600 రూపాయలు వడ్డీకే పోతాయి. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ముహూర్తాలు ఉండవు. వడ్డీకి మాత్రం శూన్యమాసం లేదు. మొదటి కెమెరా ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం ఒక్క ఫొటోతో ఆగదు. అందుకే దుకాణం మెట్లెక్కక ముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ముందు పని, తర్వాత కెమెరా

దేనికోసం కొంటున్నామన్నది మొదటి ప్రశ్న. పొలంలో తెగులు సోకిన ఆకును వ్యవసాయాధికారికి చూపించడానికి, పట్టపగలు పిల్లల ఫొటో తీసుకోవడానికి చేతిలోని ఫోనే చాలు. పెళ్లిళ్లు, సీమంతాలు, బారసాలలు తీయాలంటే తక్కువ వెలుతురులో పనిచేసే లెన్సు, ఫ్లాష్ కావాలి. చిలుకూరు దగ్గరి మృగవని పార్కులో పక్షులను తీయాలన్న సరదా ఉంటే దూరాన్ని దగ్గర చేసే పొడుగు లెన్సు కావాలి. ఒకే డబ్బుతో ఈ మూడూ కుదరవు.

ఏ పని చేయాలో తేలనివారు ఒక సీజనంతా అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్ వెంట లైట్లు మోస్తూ తిరగడం మేలు. పని తెలుస్తుంది, పరిచయాలు పెరుగుతాయి. హైదరాబాద్‌లో కెమెరాలు, లెన్సులు రోజు లెక్కన అద్దెకు ఇచ్చేవారున్నారు. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. రెండు మూడు పనులకు అద్దె కెమెరా వాడి చూస్తే ఏది కొనాలో తానే తెలిసివస్తుంది.

లోపల జరిగేది ఇది

డీఎస్ఎల్ఆర్ అంటే డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. లెన్సులోంచి వచ్చిన వెలుతురును లోపలి అద్దం పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. 'టక్' మని వినిపించేది ఈ చప్పుడే.

మొదటిసారి కొనేవారికి అందుబాటులో ఉండే కెమెరాల్లో ఈ సెన్సర్ సుమారు 22 మి.మీ. పొడవు, 15 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఫోన్లలోని సెన్సర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. వానకు చెంబు పెట్టినప్పటికీ, గంగాళం పెట్టినప్పటికీ పట్టే నీళ్లలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. సాయంత్రం వేళ, పందిరి కింద ఆ తేడా కనిపిస్తుంది.

మెగాపిక్సెళ్ల మోజు

దుకాణంలో మొదట చెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చుక్కలుంటాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేసినా 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు వస్తుంది. పెళ్లి ఆల్బంలో 12 అంగుళాలకు 18 అంగుళాల పేజీకి అది సరిపోతుంది. అంతకు మించిన అంకెల కోసం అదనంగా డబ్బు పోయనక్కరలేదు.

అసలు తేడా లెన్సులో ఉంది

బాడీతో పాటు వచ్చే 18-55 లెన్సు పగటిపూట మంచి పనిమంతురాలు. కాని దూరపు కొసన దాని కన్ను ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు లెక్క. 50 ఎం.ఎం. లెన్సు ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. అంటే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. జీలకర్ర బెల్లం, తాళి కట్టే ఘడియ తెల్లవారుజామున వచ్చినా ఆ లెన్సు ఆదుకుంటుంది. ఆ ఘడియ పోతే మళ్లీ కట్టమని వరుణ్ని అడగలేము కదా!

అయితే 50 ఎం.ఎం. లెన్సు ఒక్కటే ఉన్నా ఇబ్బందే. చిన్న గదిలో ఎంత వెనక్కి జరిగినా పదిమంది చుట్టాలు ఫొటోలో పట్టరు. రెండు లెన్సులూ ఉండాలి. నలభై వేలు చేతిలో ఉంటే బాడీ, 18-55 లెన్సుల జతకు సగానికి కాస్త ఎక్కువే తప్ప అంతా పెట్టకూడదు. మిగిలినదాంట్లో 50 ఎం.ఎం. లెన్సు, ఫ్లాష్, రెండు మెమరీ కార్డులు, అదనపు బ్యాటరీ, సంచి రావాలి. కొత్త బాడీ కొంటే ఇవన్నీ ఆ డబ్బులో ఇమడవు. అందుకే మంచి స్థితిలో ఉన్న పాత బాడీ చూసుకోవడం తెలివైన పని.

మోడల్‌ను బట్టి మెలికలు

నికాన్ డీ3400, డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉంటేనే ఫోకస్ తనంతట తాను కుదురుతుంది. చౌకగా వస్తుందని పాత ఏఎఫ్-డీ లెన్సు కొంటే చేత్తో తిప్పుకోవలసిందే.

కెనాన్ 3000డీలో లెన్సు బిగించే కడియం ప్లాస్టిక్‌ది, సెన్సర్ 18 మెగాపిక్సెళ్లది. 1500డీలో కడియం లోహపుది, సెన్సర్ 24 మెగాపిక్సెళ్లది. రోజూ లెన్సులు మార్చేవారికి రెండోదే నయం. ఈ రెంటిలోనూ, 200డీ మార్క్-2లోనూ ఫ్లాష్ బిగించే చోట నడిమి పిన్ను లేదు. బయట దొరికే చౌక ఫ్లాష్‌లు కొన్ని వాటి మీద వెలగవు. ఫ్లాష్ కొనేటప్పుడు కెమెరా వెంట తీసుకుపోయి బిగించి చూడాలి.

వీడియో కూడా తీయాలనుకునేవారు మరో సంగతి గమనించాలి. 1500డీలోనూ, డీ3500లోనూ విడి మైకు పెట్టుకునే రంధ్రమే లేదు. కెనాన్ 200డీలో, నికాన్ డీ5600లో ఉంది.

పాతది కొనేటప్పుడు

2020 తర్వాత కెనాన్, నికాన్ కంపెనీలు కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్లు తేలేదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. పెద్ద ఫొటోగ్రాఫర్లు అటు మారుతున్నకొద్దీ పాత డీఎస్ఎల్ఆర్‌లు అమ్మకానికి వస్తున్నాయి. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి ఇది కలిసివచ్చే కాలం. రేపు మిర్రర్‌లెస్ కొన్నా మధ్యలో అడాప్టర్ బిగించి ఈ లెన్సులు చాలావరకు వాడుకోవచ్చు. లెన్సు మీద పెట్టిన డబ్బు వృథా పోదనడానికి ఇదొక కారణం. కాలం గడిచేకొద్దీ విడిభాగాలు దొరకడం కష్టం కావచ్చు కనుక మరీ పాత మోడళ్ల జోలికి పోకూడదు.

ఎడ్లను కొనేటప్పుడు పళ్లు చూసినట్టు కెమెరాకు షట్టర్ లెక్క చూడాలి. ఈ తరగతి కెమెరాల షట్టర్ సుమారు లక్ష ఫొటోల వరకు నిలుస్తుందని అంచనా. పెళ్లికి రెండు వేల ఫొటోల చొప్పున యాభై పెళ్లిళ్లతో ఆ లక్షా అయిపోతుంది. పైకి తళతళలాడుతున్నా లోపల వయసు మీరి ఉండవచ్చు. నికాన్ కెమెరాతో తీసిన ఫొటో ఫైలులోనే ఈ లెక్క దొరుకుతుంది. కెనాన్‌కు విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. తెలిసినవారిని వెంట తీసుకుపోవడం మంచిది.

లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూటి దారాల్లాంటి గీతలు కనిపిస్తే అది బూజు. వానాకాలపు తేమలో అది ఇంకా పాకుతుంది. అటువంటి లెన్సును వదిలేయాలి. ఎఫ్ 16 దగ్గర పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది మరకలు నల్లటి చుక్కలుగా కనబడతాయి. బ్యాటరీ ఉబ్బిందేమో, మీటలన్నీ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకోవాలి.

బిల్లు లేనిదే బేరం వద్దు

కోఠీ, ఆబిడ్స్ దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబరు, బిల్లులోని నంబరు ఒకటేనా చూసుకోవాలి. బిల్లు లేకుండా తక్కువకిస్తామన్న సరుకుకు మన దేశంలో కంపెనీ వారంటీ రాకపోవచ్చు. పాతదైతే మొదట కొన్నవారి బిల్లు అడగాలి. దొంగ సరుకు కొంటే కెమెరా పోవడమే కాక పోలీసు స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది. దుకాణదారు మోసం చేశాడనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

చేయి తిరగాలి

ఆగ్ఫా క్లిక్ కెమెరా రోజుల్లో ఒక రీలుకు 12 ఫొటోలే వచ్చేవి. ఒక్కటి పాడైనా డబ్బు పోయినట్టే. అందుకే మీట నొక్కేముందు వెలుతురు ఎటునుంచి వస్తున్నదో చూసుకునేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) బరువైన గాజు పలకల మీద తీసిన చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. వరంగల్ ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ బతుకమ్మ ఆటలను, పల్లె ఇళ్లను, పల్లె మనుషులను తీసి పేరు తెచ్చుకున్నారు. ఆయన 2022లో కన్నుమూశారు.

ఇప్పుడు ఫొటో తీయడానికి రీలు ఖర్చు లేదు. సాధన చేయడానికి ఈ ప్రాంతంలో చోటుకూ కొదవ లేదు. చేవెళ్ల దారి పొడవునా వందల సంఖ్యలో మర్రిచెట్లున్నాయి. పొద్దుటి ఎండ వాటి ఊడల సందుల్లోంచి దిగేటప్పుడు, గులాబీ తోటల్లో పూలు కోసేటప్పుడు, బోనాలకు తల్లులు వరుసగా నడిచేటప్పుడు తీసి చూసుకుంటే వెలుతురు సంగతి బోధపడుతుంది. మొదటి వందరోజులు ఊళ్లోవాళ్ల ఫొటోలు తీసి ఉచితంగా ఇచ్చినా నష్టం లేదు. మొదటి పెళ్లి పనికి పిలిచేది వాళ్లే.