మాదకద్రవ్యాలను పసిగట్టే పోలీసు జాగిలాలు: శిక్షణ, చట్టపరమైన పరిమితులు

గంజాయి, హెరాయిన్ వంటి మాదకద్రవ్యాల అక్రమ రవాణాను అరికట్టడంలో పోలీసు జాగిలాలు కీలక పాత్ర వహిస్తున్నాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఏజెన్సీ ప్రాంతం నుంచి గంజాయి రోడ్డు, రైలు మార్గాలలో ఇతర రాష్ట్రాలకు తరలుతున్న నేపథ్యంలో రైల్వేస్టేషన్లు, బస్‌స్టేషన్లు, చెక్‌పోస్టులు, పార్శిల్ కార్యాలయాల తనిఖీలలో ఈ జాగిలాల అవసరం పెరిగింది. వందలాది సంచుల నడుమ అనుమానించదగిన ఒక్క సంచిని కొద్ది నిమిషాలలో వేరుచేసి చూపగలగడం వీటి ప్రత్యేకత. అయితే ఈ సామర్థ్యం జాగిలానిది మాత్రమే కాదు, దానితోపాటు శిక్షణ పొందిన హ్యాండ్లర్‌ది కూడా. ఆ శిక్షణలో లోపం ఉన్నట్లయితే సరుకు తప్పించుకుపోవచ్చు, లేదా ఏ నేరమూ ఎరుగని ప్రయాణికుడు అందరి ముందు అవమానం పాలు కావచ్చు.

శిక్షణ కేంద్రాలు, జాగిలాల ఎంపిక

మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్ సమీపాన టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం 1970లో నెలకొల్పిన జాతీయ జాగిల శిక్షణ కేంద్రం ఈ రంగంలో దేశవ్యాప్తంగా పేరు పొందినది. దళం జాగిలాలకే గాక వివిధ రాష్ట్రాల పోలీసు జాగిలాలకు, హ్యాండ్లర్లకు కూడా ఇక్కడ శిక్షణ ఇస్తారు. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా మొయినాబాద్‌లోని సమీకృత ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీ ఈ బాధ్యతను నిర్వర్తిస్తున్నది. పోలీసు జాగిలాల వినియోగంలో ఏకరూపత సాధించే ఉద్దేశంతో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2019లో పోలీసు ఆధునీకరణ విభాగంలో ప్రత్యేకంగా కె-9 విభాగాన్ని ఏర్పాటు చేసింది.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్, కాకర్ స్పానియల్ జాతుల జాగిలాలను ఈ పనికి ఎక్కువగా ఎంపిక చేస్తారు. జాతి కంటే స్వభావం ముఖ్యం. దాచిన బంతి కోసం విసుగు లేకుండా వెదికే పట్టుదల, రైలు కూతకు, జనసందోహానికి బెదరని నిబ్బరం ఉన్న పిల్లలనే శిక్షణకు తీసుకుంటారు.

వాసనను నేర్పే విధానం

జాగిలాలకు మత్తుపదార్థాలను అలవాటు చేసి, వాటి కోసం వెదికేలా చేస్తారనే అపోహ ప్రజలలో ఉన్నది. ఇది పూర్తిగా అవాస్తవం. మాదకద్రవ్యాలు శరీరంలోకి చేరితే జాగిలం ప్రాణానికే ముప్పు. జాగిలం దృష్టిలో ఇది కేవలం ఒక ఆట. నిర్ణీత వాసనను గుర్తించిన మరుక్షణమే దానికి ఇష్టమైన బంతి లభిస్తుంది. ఆ వాసన ఉంటే బంతి వస్తుందన్న సంబంధం మనసులో స్థిరపడిన తరువాత వాసనను పెట్టెలలోను, పిదప గదులలోను, వాహనాలలోను, సామాన్ల నడుమను దాచి క్రమంగా కష్టం పెంచుతారు. వాసన పసిగట్టగానే కదలకుండా కూర్చోవడం, లేదా ఆ చోటనే ముక్కు నిలిపి ఉండడం ద్వారా తెలియజేయడం నేర్పుతారు. గోళ్లతో గీరి చూపే పద్ధతిలో సామాన్లు దెబ్బతినే అవకాశం ఉన్నందున మొదటి పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది.

జాగిలం గుర్తించేది పదార్థం నుంచి గాలిలోకి చేరే ఆవిరులను. ఉదాహరణకు, కొకైన్ విషయంలో మిథైల్ బెంజోయేట్ అనే రసాయనం వాసన ప్రధానమైనదని పరిశోధకులు గుర్తించారు. అందువలన శిక్షణలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నమూనాలను ఎల్లప్పుడు ఒకే రకం ప్లాస్టిక్ సంచిలో పెట్టినట్లయితే జాగిలం గంజాయి వాసనకు బదులు ఆ సంచి వాసననే నేర్చుకునే ప్రమాదం ఉన్నది. దీనిని నివారించడానికి ఖాళీ సంచులు, టేపు, చేతి తొడుగులు, ఆహార పదార్థాలు కూడా ఎదుట ఉంచి, వాటి వద్ద ఆగరాదని నేర్పుతారు. ఒక్కొక్క మాదకద్రవ్యం నమూనాను విడిగా భద్రపరుస్తారు. మిరియాలు, కాఫీపొడి వంటి ఘాటైన పదార్థాల నడుమ సరుకును దాచినప్పటికీ, కలగలిసిన వాసనలలో తనకు కావలసిన దానిని వేరుచేయగల శక్తి జాగిలానికి ఉన్నది.

హ్యాండ్లర్ శిక్షణ

గాలి ఎటు వీస్తున్నదో గమనించి, వాసన జాగిలం వైపు వచ్చేలా తనిఖీని ఆరంభించడం హ్యాండ్లర్ నేర్చుకునే తొలి పాఠాలలో ఒకటి. ఎండ తీవ్రతకు నోరు తెరిచి రొప్పే జాగిలం వాసనను సరిగా పట్టజాలదు. కనుక తెలుగు రాష్ట్రాల వేసవిలో తనిఖీ వేళలు, విరామం, నీరు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. తన జాగిలం అలసటను, ఆసక్తిని, అనుమానాన్ని తోక కదలిక నుంచి, శ్వాసలోని మార్పు నుంచి చదవగలగడం నెలల సాహచర్యంతోనే సాధ్యమవుతుంది.

వీటన్నిటి కంటే కఠినమైన పాఠం తన అనుమానాన్ని జాగిలానికి తెలియనీయకపోవడం. ఒక సంచి వద్ద హ్యాండ్లర్ నడక మందగించినా, పట్టీ బిగిసినా జాగిలం దానిని సంకేతంగా గ్రహించగలదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. మాదకద్రవ్యాలు గాని, పేలుడు పదార్థాలు గాని ఏమాత్రం లేని భవనంలో 18 బృందాలతో 144 తనిఖీలు జరిపించారు. అక్కడ నమూనాలు దాచి ఉంచినట్లు హ్యాండ్లర్లకు ముందుగా చెప్పారు. ఏ సూచనా రాకుండా సరిగా ముగిసినవి 21 తనిఖీలు మాత్రమే. మిగిలిన 123 తనిఖీలలో జాగిలం వాసన పట్టినట్లు హ్యాండ్లర్లు తెలియజేశారు.

ఈ లోపాన్ని అధిగమించేందుకు మార్గం, సరుకు ఎక్కడ ఉన్నదో హ్యాండ్లర్‌కు తెలియకుండా పరీక్షలు నిర్వహించడం. అసలు ఏమీ దాచని గదులలో కూడా తరచుగా వెదికించి, ఏమీ లేదని నిర్ధారించడం కూడా విజయమేనని హ్యాండ్లర్‌కు, జాగిలానికి అలవాటు చేయాలి. ప్రతి పరీక్ష ఫలితాన్ని, తప్పు సూచనలతో సహా, రిజిస్టరులో నమోదు చేయడం వలన ఆ బృందం ఎంతవరకు నమ్మదగినదో అధికారులు అంచనా వేయగలుగుతారు.

చట్టం దృష్టిలో జాగిలం సూచన

మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టం 1985 ప్రకారం శిక్ష పదార్థం పరిమాణంపై ఆధారపడి ఉంటుంది. గంజాయి విషయంలో 1 కిలో వరకు స్వల్ప పరిమాణం కాగా, 20 కిలోలకు మించినది వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి 10 నుంచి 20 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చును. జాగిలం వాసనను చెప్పగలదే గాని బరువును చెప్పలేదు. అంతేగాక సరుకు తీసివేసిన తరువాత కూడా సంచిలో వాసన మిగిలి ఉండవచ్చును. అందువలన ఖాళీ సంచి వద్ద జాగిలం ఆగినంత మాత్రాన అది పొరబడినట్లు కాదు, సంచి యజమాని దోషి అయినట్లూ కాదు.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2001లో పోలీసు జాగిలాల జాడపై ఆధారపడిన సాక్ష్యంలోని బలహీనతలను వివరించింది. జాగిలం లేదా దాని యజమాని పొరబడే అవకాశం, జాగిలం ప్రవర్తనకు తప్పు అర్థం తీసే అవకాశం ఉన్నాయని, దర్యాప్తులో జాగిలాల సాయం పొందవచ్చును గాని న్యాయనిర్ణయం దానిపై ఆధారపడరాదని పేర్కొన్నది. ఆ కేసు నేరస్తుల జాడ తీసే జాగిలానికి సంబంధించినదైనప్పటికీ, అందులోని హెచ్చరిక మాదకద్రవ్యాల తనిఖీలకు కూడా గమనించదగినది.

కాబట్టి జాగిలం ఆగిన చోటనే అధికారుల అసలు బాధ్యత ఆరంభమవుతుంది. వ్యక్తి ఒంటిపై సోదా జరపదలచినప్పుడు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉన్నదని 50వ సెక్షన్ కింద ఆ వ్యక్తికి తెలియజేయాలి. స్వాధీనమైన సరుకును తూకం వేసి పంచనామా రాయడం, 52-ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీయడం, వాటిని ప్రయోగశాలకు పంపడం సక్రమంగా జరగాలి. ఈ దశలలో లోపం దొర్లినట్లయితే ఎంత చురుకైన జాగిలం పట్టించిన కేసైనా న్యాయస్థానంలో నిలువకపోవచ్చు.

పాత్రికేయులు కూడా ఇటువంటి వార్తలు రాసేటప్పుడు జాగిలం ఆగడాన్ని, సరుకు దొరకడాన్ని, ప్రయోగశాల నిర్ధారణను వేర్వేరుగా పేర్కొనడం సముచితం. జాగిలం చూపేది ఎక్కడ వెదకాలో మాత్రమే. అక్కడ లభించినది ఏమిటో, ఎంతో, ఎవరిదో నిరూపించవలసినది దర్యాప్తు అధికారులే.