జీపుబండి పుట్టుపూర్వోత్తరములు

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల రైతులు ఎత్తుగా, నలుచదరముగా కనబడు ప్రతి మోటారుబండిని జీపు అనియే పిలుచుచుందురు. నిజమునకు జీపు అనునది బండి జాతిపేరు కాదు, ఒక కంపెనీ వ్యాపారపు గురుతు. మామిడితోటలకును మిరపచేలకును పోవుటకై ఇట్టి బండిని కొనదలచు సభ్యులు ఈ భేదము నెరుగుట అవసరము. రూపము జీపుదైనంత మాత్రమున గుణమును జీపుదే కానేరదు.

ఆ గుణము సేనల కొరకు పుట్టినది. 1940 వ సంవత్సరమున ఐరోపాలో యుద్ధము ముదురుచుండగా, అమెరికా సైన్యమువారు ఒక తేలికబండి కావలెనని 135 కంపెనీలకు వ్రాసిరి. నాలుగు చక్రములకును ఇంజను బలము అందవలెను. పావు టన్ను బరువు మోయవలెను. నమూనా బండి 49 దినములలో సిద్ధము కావలెను. ఇంత కఠినమైన షరతులకు బదులు పలికినవి బాంటమ్, విల్లీస్ ఓవర్లాండ్ అను రెండు కంపెనీలే.

బాంటమ్ చితికియున్న చిన్న సంస్థ. అయినను కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరును పిలిపించి, గడువు దాటకుండ సెప్టెంబరు 23 వ తేదీన బండిని అప్పగించినది. బండి పరీక్షకు నిలిచెను. కాని అంత చిన్న కర్మాగారము కావలసినన్ని బండ్లు చేయజాలదని శంకించి, అధికారులు దాని పటములను విల్లీస్, ఫోర్డు కంపెనీలకును చూపిరి. విల్లీస్‌వారి 60 గుఱ్ఱపు బలముల ఇంజను తక్కినవానికంటె బలిష్ఠమగుటచే 1941 లో పెద్ద ఒప్పందము వారికే దక్కెను. ఆ బండినే ఫోర్డువారును చేసిరి. యుద్ధాంతమునకు ఉభయులును ఆరు లక్షలకు పైగా బండ్లు చేయగా, త్రోవ చూపిన బాంటమునకు దక్కినవి సుమారు 2,600 మాత్రమే. చేను దున్నినవా డొకడు, కుప్ప నూర్చుకొన్నవా డొకడు. జీపును తామే సృష్టించితిమని విల్లీస్‌వారు ప్రకటించుకొనుటను 1948 లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు నిషేధించిరి. అయినను 1950 లో ఆ పేరు విల్లీస్‌వారి పేరనే రిజిస్టరయ్యెను.

ఇక యంత్రపు సంగతి. సామాన్యపు కారులో ఇంజను రెండు చక్రములనే త్రిప్పును. వానకాలమున నల్లరేగడిలో ఆ రెండును జారినచో, తక్కిన రెండును మోతబరువై నిలుచును. రెండు జతల ఎద్దులుండియు ఒక జతనే కాడికి పూన్చి, రెండవ జతను బండివెనుక కట్టి నడిపించుట వంటి దిది. జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు అను గేరుపెట్టె ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును బలమును పంచును. బురదలో ముందు ఇరుసును కలుపవలెను. గట్టిరోడ్డుపై విడదీయవలెను, లేనిచో మలుపులలో ఇరుసులు పెనగి గేర్లు అరుగును. డ్రైవరులు దీనిని తరచు మరతురు. లో గేరు వేసినచో వేగము తగ్గి లాగుడు పెరుగును. ఇంత బలమున్నను పారునీటిలో ఏ బండియైనను తేలును. బుడమేరు పొంగినపుడు జీపును నమ్మి దిగుట ప్రాణముతో చెలగాటము.

1945 లో విల్లీస్‌వారు ఈ బండిని రైతుల కమ్మదలచి, నాగలియు కట్టవచ్చునని చాటిరి. సాగుబడికి అది ట్రాక్టరుతో సరితూగలేదు. మన దేశమున 1945 లో స్థాపింపబడిన మహీంద్రా కంపెనీవారు ఆ దశకాంతమున విల్లీస్ జీపులను విడిభాగములుగా దెప్పించి బొంబాయిలో బిగింపసాగిరి. వారే 1963 లో ఇంటర్నేషనల్ హార్వెస్టరువారితో కలిసి ట్రాక్టరుల సంస్థను స్థాపించిరి. 2013 నుండి జహీరాబాదులో వారి ట్రాక్టరుల కర్మాగారము నడచుచున్నది. జీపు అను గురుతు మాత్రము చేతులు మారి మారి 2021 లో స్టెల్లాంటిస్ కంపెనీని చేరినది.

కావున కొనువారు పేరు చూచి మోసపోరాదు. జీపు వంశమునకు చెందిన మహీంద్రా థార్ కూడ 2023 నుండి వెనుక చక్రములకే బలమందు రకముగను దొరకుచున్నది. చవకయగుటకు అదియు నొక కారణము. రేగడిదారిన పోవలసినవారు ముందు చక్రములకు బలము పోవు షాఫ్టు ఉన్నదో లేదో బండిక్రింద వంగి చూడవలెను. పాతబండియైనచో మెకానికును వెంటబెట్టుకొని బురదలో నడిపించి చూచిన పిమ్మటనే బయానా ఈయవలెను. 1948 లో ప్రభుత్వము కొరకు విదేశమున కొనబడి మదరాసు రేవున దిగిన 155 పాత జీపులు పనికిమాలినవని తేలి దేశమంతట గొప్ప రభస జరిగినది.