మీ ఫోన్‌లోని రాయిని ఎలా వండారో తెలుసా?

మీ ఫోన్‌లో బియ్యపు గింజ కన్నా చిన్న స్ఫటికం ఒకటి ఉంటుంది. దాని పేరు క్వార్ట్జ్. టైమ్ లెక్కపెట్టేది అదే. చాలా ఫోన్లలో, వాచీల్లో అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది.

ఇది గనిలోంచి వస్తుందనుకుంటున్నారా? కాదు, ఫ్యాక్టరీలో పెంచుతారు!

కరిగిస్తే గాజే

ఇసుకలో ఉండేదీ ఎక్కువగా క్వార్ట్జే. దాన్నే కరిగించి పోసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కరిగించి చల్లారిస్తే వచ్చేది గాజు. కరెంటు తగిలితే లెక్కగా కంపించే గుణం గాజుకు లేదు. అందుకే నీళ్లలో వండాలి. దీన్నే హైడ్రోథర్మల్ పద్ధతి అంటారు.

వండే పాత్ర మందపాటి ఉక్కు ఆటోక్లేవ్. మన ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న అనుకోండి. కుక్కర్‌లో ఒత్తిడి బయటి గాలికి రెట్టింపు ఉంటుంది. ఇందులో వెయ్యి నుంచి రెండు వేల రెట్లు! వేడి 350 డిగ్రీల పైమాటే. అడుగున క్వార్ట్జ్ ముక్కలు వేసి, క్షారం కలిపిన నీళ్లు పోస్తారు. పైన సన్నటి క్వార్ట్జ్ పలకలు వేలాడదీస్తారు. అడుగున కరిగిన రాయి, కాస్త చల్లగా ఉండే పైభాగానికి చేరి పలకలకు పడుతుంది. దారానికి పటికబెల్లం పట్టినట్టే. రోజుకు మిల్లీమీటరు కూడా పెరగదు. అందుకే నెలల తరబడి ఆగాలి.

యుద్ధం నేర్పిన వంట

రెండో ప్రపంచ యుద్ధంలో వైర్‌లెస్ సెట్లకు క్వార్ట్జ్ కావాల్సి వచ్చింది. అమెరికాకు మంచి రాయి దొరికేది ఎక్కువగా బ్రెజిల్‌లోనే. ఆ ఇబ్బంది చూశాకే బెల్ ల్యాబ్స్ లాంటి చోట్ల ఈ పద్ధతిపై గట్టిగా పడ్డారు.

కుక్కర్ పేలితే?

2009 డిసెంబర్ 7న అమెరికాలోని బెల్విడేర్‌లో ఇలాంటి ఆటోక్లేవ్ ఒకటి పేలింది. ఎగిరిన ఉక్కు ముక్క తగిలి, దగ్గర్లోని పెట్రోల్ బంకు దగ్గరున్న ట్రక్ డ్రైవర్ చనిపోయాడు. క్షారం వల్ల ఉక్కు గోడలో పగుళ్లు వచ్చాయని దర్యాప్తులో తేలింది. లోపలి గోడను క్రమం తప్పకుండా పరీక్షించి ఉంటే, ఆ పగుళ్లు ముందే బయటపడేవి.

ఇప్పుడు కాలేజీ ల్యాబుల్లోనూ ఈ వంట జరుగుతోంది. అరచేతిలో పట్టే ఉక్కు డబ్బా, లోపల టెఫ్లాన్ గిన్నె. 150–200 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచితే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి లోహ ఆక్సైడ్ల నానో కణాలు తయారవుతాయి. డబ్బా ఎంత చిన్నదైనా జాగ్రత్తలు తప్పవు: నిండా పోయకూడదు, చల్లారకముందే మూత తీయకూడదు.

కుక్కర్ దగ్గర అమ్మ చెప్పేదీ అదేగా!