బస్తర్‌లో ప్రభుత్వ సేవలు: గడువు లెక్కలోకి రాని దూరం

ఒక కార్యాలయం రోజుకు ఎన్ని దరఖాస్తులు పరిష్కరించిందన్నది దాని పనితీరుకు సాధారణ కొలమానం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి మాత్రం ఆ కొలమానం సరిపోదు.

రాష్ట్రంలో 2011 నాటి లోకసేవా హామీ చట్టం నిర్దేశిత సేవలకు కాలపరిమితి విధించింది. జాప్యం చేసిన అధికారికి జరిమానా విధించే వీలు కూడా కల్పించింది. అయితే ఆ గడువు దరఖాస్తు అందిన తర్వాతే మొదలవుతుంది. అడవి దాటి కార్యాలయానికి చేరేందుకు గ్రామస్థుడు వెచ్చించిన రోజులు, కోల్పోయిన కూలి ఆ లెక్కలోకి రావు.

దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు జరగకపోలేదు. ఒకప్పటి బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998లో కాంకేర్, దంతేవాడ, 2007లో బీజాపూర్, నారాయణపూర్, 2012లో కొండగావ్, సుక్మా కొత్త జిల్లాలుగా ఏర్పడ్డాయి. దీంతో జిల్లా కేంద్రాలు ప్రజలకు కొంత దగ్గరయ్యాయి. కానీ కార్యాలయం దగ్గరైనంత మాత్రాన పని పూర్తి కాదు. అబూజ్‌మఢ్‌లో దశాబ్దాల పాటు రెవెన్యూ సర్వే జరగలేదు. భూమికి రికార్డు లేని చోట, దాని ఆధారంగా ఇవ్వాల్సిన పత్రాన్ని సిబ్బంది ఎంత శ్రమించినా ఇవ్వలేరు.

భాష మరో అడ్డంకి. కార్యాలయ వ్యవహారం హిందీలో సాగుతుంది. గ్రామాల్లో గోండి, హల్బీ వినిపిస్తాయి. తెలంగాణ సరిహద్దు వైపు దోర్లీ, తెలుగు కూడా వాడుకలో ఉన్నాయి. దరఖాస్తులో ఏం అడిగారో అర్థం కాకపోతే తప్పులు దొర్లుతాయి, మళ్లీ తిరగవలసి వస్తుంది. స్థానిక భాష తెలిసిన ఉద్యోగి ఉంటే ఆ రెండో ప్రయాణం తప్పుతుంది.

జనం వచ్చే చోటికే సేవను తీసుకెళ్లడం మరో మార్గం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం వారపు సంతల్లో సంచార వైద్య సేవలను ప్రారంభించింది. సరుకుల కోసం ఎలాగూ సంతకు వచ్చే రోగికి ప్రత్యేక ప్రయాణం అక్కర్లేదు. 2024లో మొదలైన ‘నియద్ నెల్లానార్’ పథకం భద్రతా శిబిరాల పరిసర గ్రామాలకు ప్రభుత్వ పథకాలను చేర్చేందుకు ఉద్దేశించినది. గోండిలో ఆ పేరుకు ‘మీ మంచి ఊరు’ అని అర్థం.

శిబిరం పెట్టి రేషన్ కార్డు ఇవ్వడం ఒకనాటి పని. ప్రతి నెలా బియ్యం అందించడం నిరంతర బాధ్యత. అందుకే, ఎన్ని కార్డులు పంచారన్న దానితో పాటు, సేవ పొందడానికి పౌరుడు ఎన్ని రోజులు, ఎన్నిసార్లు తిరిగాడన్నదీ నమోదు కావాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు సామాజిక రంగ సంస్థలు, సిబ్బందిపై నియంత్రణాధికారం కల్పించాలని నిర్దేశిస్తోంది. ఆ లెక్క అడగడానికి తగిన వేదిక గ్రామసభే.