తెలుగులో మంగళ శబ్దాలు

శుభాన్ని సూచించే పదాలను, వాటితో ఏర్పడిన పలుకుబడులను మంగళ శబ్దాలు అంటారు. పలికిన మాట ఫలిస్తుందన్న విశ్వాసం వీటికి మూలం. కావ్యాల తొలి పద్యాలలోను, ఇళ్ళలోని నిత్యవ్యవహారంలోను ఈ విశ్వాసం కనిపిస్తుంది. ఊరిపేర్లలో కూడా మంగళ శబ్దాలున్నాయి. విజయవాడ - గుంటూరు రహదారిపై ఉన్న మంగళగిరి పేరుకు "శుభప్రదమైన కొండ" అని అర్థం. ఈ కొండపై లక్ష్మీదేవి తపస్సు చేసిందని స్థలపురాణం చెబుతుంది.

కావ్యారంభం

"శ్రీ" అనగా లక్ష్మి, సంపద, శోభ. కావ్యాన్ని ఈ అక్షరంతో ఆరంభించడం తెలుగు కవుల సంప్రదాయం. 11వ శతాబ్దంలో నన్నయ ఆంధ్ర మహాభారతాన్ని, తరువాత పోతన భాగవతాన్ని, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను శ్రీకారంతోనే ప్రారంభించారు. ఏ పనినైనా మొదలుపెట్టడాన్ని "శ్రీకారం చుట్టడం" అంటారు.

మొదటి అక్షరంతో పాటు మొదటి గణాన్ని కూడా లాక్షణికులు పరిశీలించారు. మ, య, భ, న గణాలు శుభమని, ర, స, త, జ గణాలు అశుభమని చెప్పారు. మగణానికి భూమి, రగణానికి అగ్ని అధిదేవతలు. నన్నయ తొలి శ్లోకం శార్దూలవిక్రీడితం కనుక మూడు గురువుల మగణంతో మొదలవుతుంది. దేవతలను, శుభాన్ని సూచించే పదం మొదట ఉంటే గణదోషం అంటదని కూడా లాక్షణికులు సడలింపు ఇచ్చారు. వేములవాడ భీమకవి దీవించినా శపించినా జరిగితీరేదన్న కథలు ఈ నమ్మకం నుండి పుట్టినవే.

నిత్యవ్యవహారం

అశుభాన్ని నేరుగా చెప్పక, దానికి విరుద్ధమైన మాటతో సూచించడం తెలుగు పలుకుబడులలో విశేషం.

* బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటారు.
* దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటారు.
* గాజు పగిలినా, మంగళసూత్రం తెగినా "పెరిగింది" అంటారు.
* సెలవు తీసుకునేవారు "వెళ్తాను" అనక "వెళ్ళి వస్తాను" అంటారు.
* జాతకరీత్యా పాపగ్రహమైన కుజుడి వారం "మంగళవారం". దీనినే "జయవారం" అని కూడా వ్యవహరిస్తారు.

సంధ్యవేళ తథాస్తు దేవతలు సంచరిస్తూ, విన్న మాటకు "అలాగే అగుగాక" అంటారని, అందుచేత చెడు పలకరాదని పెద్దలు పిల్లలకు చెబుతారు.

చైనా భాషతో పోలిక

చైనా భాషలో మంగళ సంకేతాలు చాలావరకు ధ్వని సామ్యం మీద ఆధారపడతాయి. గబ్బిలం, భాగ్యం అనే పదాలకు అక్కడ ఒకే ఉచ్చారణ. అందువల్ల చిత్రాలలోను, పింగాణీ పాత్రల మీద గబ్బిలం శుభచిహ్నమైంది. చేప, మిగులు అనే పదాల ఉచ్చారణ కూడా ఒకటే కనుక కొత్త సంవత్సరపు విందులో చేపను వడ్డిస్తారు. తెలుగులో ఈ పని అర్థవైపరీత్యం ద్వారా జరుగుతుంది.

సామాజిక పార్శ్వం

"శుభం పలకరా పెళ్ళికొడకా అంటే పెళ్ళికూతురు ముండ ఎక్కడ అన్నాడట" అనే సామెత అమంగళ భాషణాన్ని హేళన చేస్తుంది. అయితే ఇందులోని తిట్టుకు అసలు అర్థం తల గొరిగించిన వితంతువు. "వెధవ" అనే తిట్టు కూడా "విధవ" నుండి వచ్చినదే. మంగళసూత్రం తెగిందన్న మాటను సైతం మృదువుగా మార్చిన భాష, భర్తను కోల్పోయిన స్త్రీని తిట్టుగా మార్చింది. "దీర్ఘసుమంగళీ భవ" అనే దీవెన ఆమెకు లభించదు. శుభకార్యాలలో ఆమె ఎదురు రావడం అపశకునంగా పరిగణించబడింది.

ఈ దురాచారాన్ని ఎదిరించి కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ పెళ్ళితో, అమంగళమని తొలగించబడిన స్త్రీ తిరిగి పెళ్ళిపీట మీద కూర్చున్నది. అయినప్పటికీ పై తిట్లు రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి.