ఒలింపిక్స్ దాకా పోయిన మన ఫుట్‌బాల్ ఎక్కడ ఆగిపోయింది?

పోయినేడాది మా కాలేజీలో ఇంటర్ బ్రాంచ్ ఫుట్‌బాల్ జరగలేదు. టీమ్‌కి పదకొండు మంది కావాలి. మూడు బ్రాంచీల నుంచే పేర్లు వచ్చాయి, అందులో ఒక లిస్టులో ఎనిమిది మందే ఉన్నారు. క్రికెట్‌కి మాత్రం ఒక్క సీఎస్‌ఈ నుంచే నాలుగు టీములు! ఫుట్‌బాల్ 'వాయిదా' అని నోటీసు పెట్టారు. ఆ వాయిదా ఇప్పటికీ అట్లనే ఉంది.

కొన్నాళ్లకి ఇంకో వార్త. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచిన టీమ్ అది. ఆ రాత్రి హాస్టల్లో మేం అరిచిన అరుపులకి వార్డెన్ సార్ పైకి వచ్చారు. అప్పుడు నేను ఇంకా స్కూల్లోనే ఉన్నా. మూడేళ్లు తిరిగేసరికి టీమే లేదు.

"హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడ్రా, అందుకే పోయింది" అన్నాడు నా రూమ్మేట్. నేను కూడా నిజమే అనుకున్నా. తర్వాత కొంచెం చదివితే తెలిసింది, ఈ ఊరి నుంచి ఫుట్‌బాల్ వెళ్లిపోవడం ఇది మొదటిసారి కాదని. మొదటిసారి పోయింది చాలా పెద్దది. అది ఎట్లా వచ్చింది, ఎందుకు పోయింది అన్నదే ఈ వ్యాసం.

ఒక టీచర్, ఒక డిపార్ట్‌మెంట్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. స్కూల్ టీచర్. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్ అయ్యి, 1963లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఈయన కథే. చూసినవాళ్లకి అజయ్ దేవగణ్ గుర్తొస్తాడు.

సినిమాలో ఎక్కువగా ఇండియా టీమ్ గురించి ఉంటుంది. నాకు అంతకంటే ఆశ్చర్యంగా అనిపించింది సిటీ పోలీస్ లెక్క. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు, ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు దేశంలో చాలా పెద్ద టోర్నమెంట్లు. రోవర్స్ కప్పుని సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పుని 1950లో, 1954లో, 1957లో గెలిచింది. తర్వాత ఆంధ్రా పోలీస్ అనే పేరుతో 1961లో మళ్లీ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లో హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా క్లబ్బులు రాజ్యమేలుతున్న కాలంలో ఒక పోలీస్ డిపార్ట్‌మెంట్ టీమ్ చేసిన పని ఇది.

అదెట్లా కుదిరింది? మొదటి కారణం ఉద్యోగం. అప్పుడు ఫుట్‌బాల్ ఆడితే పెద్ద జీతాలు, కాంట్రాక్టులు లేవు. బాగా ఆడే కుర్రాడికి పోలీసులో ఉద్యోగం ఇస్తే ఇల్లు గడుస్తుంది, వాడు ఇక్కడే ఉంటాడు. ఇంకో కారణం కంటోన్మెంట్. సికింద్రాబాద్‌లో సైన్యం టీములు, వాటికి గ్రౌండ్లు ఎప్పటినుంచో ఉండేవి. పిల్లలు గల్లీలో ఆడి, గ్రౌండ్ దగ్గర నిలబడి పెద్దవాళ్ల ఆట చూసి నేర్చుకునేవాళ్లు.

వీటన్నిటికంటే పెద్ద కారణం రహీం సాబ్ పద్ధతి. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారట. బంతి దగ్గర పెట్టుకుంటే తప్పు, వెంటనే పాస్ ఇవ్వాలి. బలం తక్కువున్న కాలితోనే ఆడాలి అని ఇంకో రకం టోర్నమెంట్. నేను కోడింగ్ నేర్చుకునేటప్పుడు మా సీనియర్ ఒకన్న "లూప్ వాడకుండా రాయి" అని ప్రాబ్లం ఇచ్చేవాడు. చిరాకు వచ్చేది, కానీ రికర్షన్ అట్లనే వచ్చింది. రహీం సాబ్ చేసింది కూడా అదే. తెలిసిన దారి మూసేస్తే కొత్త దారి కాళ్లే వెతుక్కుంటాయి.

మెల్‌బోర్న్

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇండియా యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇదే రహీం కోచ్‌గా ఇండియా సెమీఫైనల్ దాకా వెళ్లింది. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే దాటింది. డిసెంబర్ 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే. మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. మనది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఇండియా అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు.

ఆ టీమ్‌లో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ హైదరాబాద్ ఫుట్‌బాల్లో పెరిగినవాళ్లే. ఇంకో తమాషా చూడండి. ఆ ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంటే ఆస్ట్రేలియాతో మ్యాచ్ ఆడే రోజుకి హైదరాబాద్ రాష్ట్రం అనేదే లేకుండా పోయి సరిగ్గా నెల!

1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఇండియా బంగారు పతకం గెలిచింది. అప్పటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న ఆయన చనిపోయారు.

ఎందుకు పోయింది?

మా సిస్టమ్స్ క్లాసులో 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అని ఒక పాఠం ఉంది. ఒక్క సర్వర్ మీద మొత్తం నడుస్తుంటే, అది బాగున్నన్ని రోజులు అంతా బాగానే ఉంటుంది. అది ఆగిన రోజు అన్నీ ఆగుతాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్లో అట్లాంటివి రెండున్నాయి. ఒకటి రహీం. రెండోది పోలీస్ ఉద్యోగం.

రహీం పోయాక ఆ స్థాయి కోచ్ మళ్లీ రాలేదు. ఉద్యోగం సంగతేమో, కలకత్తా క్లబ్బులు ఇంకా మంచి అవకాశాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయారు. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన ఇండియా టీమ్‌కి కెప్టెన్ ఈ నయీమే. అంటే మన దగ్గర ఆటగాళ్లు పుట్టడం వెంటనే ఆగలేదు, ఇక్కడ ఉండటం ఆగింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. తర్వాత మళ్లీ ఇటు రాలేదు. ఐదుసార్లు వరసగా గెలిచిన ఆ రోవర్స్ కప్పు కూడా 2000-01తో ఆగిపోయింది. సిటీ లీగ్‌కి రహీం పేరైతే పెట్టారు, 'రహీం లీగ్' అని. కానీ ఆ పేరు ఎవరిదో మా బ్యాచ్‌లో అడిగితే ఒక్కడికీ తెలియదు.

మరి నల్లగొండ, పాలమూరు?

ఇదంతా చదువుతూ నేనొకటి గమనించా. ఆటగాళ్ల గురించి రాసిన ప్రతిచోటా సికింద్రాబాద్, అమ్ముగూడ, సిటీ పేర్లే కనిపిస్తున్నాయి. మా నల్లగొండ ఎక్కడ? మా అమ్మవాళ్ల మహబూబ్‌నగర్ ఎక్కడ? రెండూ అదే హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాలే కదా!

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా తాతని అడిగా. తాతకి ఎనభై దాటాయి. "తాతా, మీ చిన్నప్పుడు పోలీసోళ్ల ఫుట్‌బాల్ టీమ్ బొంబాయిల కప్పు కొట్టిందంట, తెల్సా?" అన్నా. తాత నవ్వలేదు. "పోలీసోళ్లు బంతాట ఆడిండ్రా? మా ఊరికొచ్చినోళ్లు ఆడలే బిడ్డా" అన్నాడు.

నాకు అప్పుడు తేదీలు కలిశాయి. సిటీ పోలీస్ మొదటి రోవర్స్ కప్పు గెలిచింది 1950లో. తెలంగాణ సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో. బొంబాయిలో జనం 'పోలీస్' అనే పేరుకి చప్పట్లు కొడుతున్న రోజుల్లో నల్లగొండ పల్లెల్లో అదే మాట వింటే జనం తలుపులు వేసుకునేవాళ్లు. ఆటగాళ్ల తప్పేం లేదు. కానీ ఒక డిపార్ట్‌మెంట్ చేతిలో ఉన్న ఆట ఆ డిపార్ట్‌మెంట్ ఇష్టపడిన చోటికే పోతుంది. మా ఊళ్లకి అది రాలేదు. ఊళ్లలో వేళ్లు లేవు కాబట్టే సిటీలో కొమ్మ ఎండగానే చెట్టే పోయింది. నాకు అర్థమైంది ఇంతే.

ఆస్ట్రేలియాలో ఒక మెట్ట ప్రాంతం

మెల్‌బోర్న్ గురించి వెతుకుతుంటే ఇంకో విషయం దొరికింది. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ని ప్రదర్శన క్రీడగా ఆడి చూపించారు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, టీమ్‌కి 18 మంది. అది వాళ్ల ఊళ్ల ఆట.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోనే వాయవ్యాన మ్యాలీ అని ఒక ప్రాంతం ఉంది. వానలు తక్కువ, గోధుమ పండిస్తారు. ఒకరకంగా మన నల్లగొండ, పాలమూరు లాంటి మెట్ట నేల. యంత్రాలు వచ్చి పొలాలు పెద్దవయ్యాయి, మనుషులు తగ్గారు. 18 మందిని పోగు చేయడం కష్టమై పక్కపక్క ఊళ్ల క్లబ్బులు కలిసిపోయాయి. చివరికి మ్యాలీ ఫుట్‌బాల్ లీగ్ 2015 సీజన్‌తో మూతపడింది.

అయితే లీగ్ పోయినా అందులో క్లబ్బులన్నీ పోలేదు. ఓయెన్ యునైటెడ్ అనే క్లబ్ సన్‌రేషియా లీగ్‌లో చేరింది. సీ లేక్ నాండలీ క్లబ్ నార్త్ సెంట్రల్ లీగ్‌కి వెళ్లింది. ఆ పేరులోనే రెండు ఊళ్లున్నాయి చూడండి, సీ లేక్, నాండలీ. క్లబ్ ఊరిది, కాబట్టి ఇంకో లీగ్ వెతుక్కుంది. మన దగ్గర అట్లా వెతుక్కునేవాళ్లే మిగల్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2019లో పుణె టీమ్ స్థానంలో వచ్చింది, ఢిల్లీకి పోయింది. వచ్చేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు, పోయేటప్పుడు కూడా అడగలేదు.

ఇప్పుడేం చేద్దాం?

నేను పెద్ద మాటలు చెప్పను. హైదరాబాద్‌కి ఇంకో ఐఎస్ఎల్ టీమ్ తేవడం మన చేతిలో లేదు. కానీ 'వాయిదా' నోటీసు మన చేతిలో ఉంది. పదకొండు మంది దొరక్కపోతే ఐదుగురితో ఆడొచ్చు. బ్రాంచ్ టీమ్ కుదరకపోతే మెకానికల్, సివిల్ కలిసి ఒక టీమ్ వేయొచ్చు, సీ లేక్, నాండలీ లాగా.

ఇంకొకటి, రాసి పెట్టడం. మా సీనియర్లు ఐదేళ్ల కింద ఫైనల్ ఎవరు గెలిచారో చెప్పలేకపోయారు. స్కోర్లు ఒక వాట్సాప్ గ్రూపులో ఉండేవట, ఫోన్ మారితే పోయాయట. అందుకే నేనొక గూగుల్ షీట్ మొదలుపెట్టా. తేదీ, టీములు, స్కోరు, గోల్ కొట్టినవాళ్ల పేర్లు. ఇప్పటికి అందులో నాలుగు మ్యాచులే ఉన్నాయి, అన్నీ హాస్టల్ వెనక ఐదుగురేసి ఆడినవే. ఎడిట్ యాక్సెస్ ఇద్దరు జూనియర్లకి కూడా ఇచ్చా. సర్వర్ ఒక్కటే ఉండకూడదు కదా!

మీ ఊళ్లో ఎప్పుడైనా ఫుట్‌బాల్ ఆడేవాళ్లా? మీ తాతలని, పాత పీఈటీ సార్లని అడిగి మన క్లబ్‌కి రాసి పంపండి. ముఖ్యంగా నల్లగొండ, పాలమూరు వాళ్లు. మా తాత చెప్పిందే ఆఖరి మాట కాకూడదని నా ఆశ.